తాబేలు డిప్ప చూపించడానికి వెళ్తే...

నిన్ననే రెండో డాక్టరు దగ్గర్నుంచి వచ్చాం. మొదటి డాక్టరు మీద మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మా తాబేలు పేరు తొందరయ్య. నేలమీద తిరిగే రకం. వాడి ఒళ్లు చూడటం వారంవారం అలవాటే. గడ్డం మునగనంత గోరువెచ్చని నీళ్లలో కాసేపు వదిలి, మెత్తటి టూత్‌బ్రష్‌తో మట్టి పోయేలా రుద్ది, తుడిచి, మంచి వెలుతురులో చూస్తాను. ఆ బ్రష్ వాడికే. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా అనే రోగాల బాక్టీరియా ఉండొచ్చు. మెరుస్తుందని డిప్పకు నూనె రాసేవాళ్లున్నారు. వాళ్లతో నాకు మాటల్లేవు.

ఈసారి వెనక కాలి మడతలో పిడుదులు దొరికాయి. కింద డిప్ప మీద ఒక పలక అంచున గోధుమరంగు మచ్చ కూడా ఉంది. నొక్కితే మెత్తగా తగిలింది, ముక్కు దగ్గర పెడితే కుళ్లు వాసన. బయల్దేరింది ఆ వాసన వల్లే.

మొదటి డాక్టరు దగ్గర కుక్కలూ పిల్లులూ తప్ప ఇంకేం లేవు. కూర్చున్నవాళ్లంతా ఫోన్లు తీసి ఫొటోలు. సహాయకుడు "బతికే ఉందా సార్ ఇది?" అన్నాడు, అందరూ నవ్వారు. డాక్టరు తొందరయ్యను చటుక్కున వెల్లకిలా తిప్పి బల్లమీద పెట్టి, పెన్నుతో డిప్ప మీద టకటకా కొట్టాడు. మెల్లిగా అండీ అంటే, "రాయికేం తెలుస్తుంది?" అన్నాడు.

రాయి కాదు మహాశయా! పైన మన గోళ్లలో ఉండే కెరటిన్ పొర, దాని కింద బతికున్న ఎముక. వెన్నెముకా పక్కటెముకలూ అందులోనే కలిసిపోయి ఉంటాయి. ముట్టుకుంటే తెలుస్తుంది, కొడితే నొప్పి పుడుతుంది. తొందరయ్య బల్లంతా తడిపేశాడు. మంచి పని చేశాడు.

ఆ వాసన మచ్చను చూపిస్తే "మురికి, కడగండి" అన్నాడు. పైన పలకల మధ్య లేతరంగు గీతలు కనబడగానే మాత్రం "ఫంగస్! గీకేద్దాం" అని బ్లేడు అడిగాడు. పెరుగుతున్న తాబేలుకు కొత్త కెరటిన్ పుట్టేది ఆ గీతల దగ్గరే! మెడ మీద, కాళ్ల మీద కొంచెం పొట్టు లేవడం మామూలే, దానికేమో విటమిన్ ఏ ఇంజెక్షన్ అన్నాడు. ఆ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం నిజంగానే ఊడిపోయి పచ్చిపుండవుతుంది. పిడుదులకు చీటీలో ఐవర్‌మెక్టిన్ రాశాడు. ఆ మందు తాబేళ్లకు విషం, పక్షవాతం వచ్చి చచ్చిపోతాయి. ఆ మాట మర్యాదగానే చెప్పాను.

"డాక్టరు మీరా, నేనా?"

మళ్లీ నవ్వులు. ఫీజు కట్టి, తాబేలును చంకన పెట్టుకుని బయటికి నడిచాను. తెలియదని ఒప్పుకోవడానికి చదువుకున్నవాడికి అంత కష్టమేమిటో! తెలియకపోవడం తప్పు కాదు, తెలియకుండా బ్లేడు పట్టుకోవడం తప్పు. ఆ గదిలో తాబేలు గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది నాకే. గొప్పలనుకుంటే అనుకోండి.

మీరు అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్లోనే అడగండి: "తాబేలుకు ఐవర్‌మెక్టిన్ వేస్తారా?" వేస్తామంటే ఫోను పెట్టేయండి.

రెండో డాక్టరు పాములూ తాబేళ్లూ చూసే ఆవిడ. పిడుదుల్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని లాగేశారు. మచ్చ దగ్గర వదులైన పొర తీసి, నమూనా ల్యాబుకు పంపి, కుళ్లు ఎముక దాకా పోయిందేమోనని ఎక్స్‌రే తీశారు. పోలేదు. పలుచన చేసిన క్రిమినాశిని క్లోర్‌హెక్సిడిన్‌తో కడగడం, పైన పూత, కింద పరుపు పొడిగా ఉంచడం. అడుగున చెమ్మ ఉండిపోతే ఇలా మెత్తబడుతుందట. కింద డిప్ప ఎర్రగా కమిలినట్టు కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి చేరి ఉండొచ్చు, ఆగకుండా తీసుకురమ్మన్నారు. యూవీబీ (అతినీలలోహిత కిరణాల) దీపం ఎన్నాళ్లదని కూడా అడిగారు. వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ వస్తున్నట్టు కాదు, 6 నుంచి 12 నెలల్లో చాలా దీపాలకు అది తగ్గిపోతుంది. మాది కొత్తదే.

మొదటాయన రాసిన చీటీ ఆవిడకు చూపించాను. చదివి, చెత్తబుట్టలో వేయబోయారు. ఆపి తీసుకున్నాను. ఫిర్యాదుకు జతచేయాలి కదా.