నయోమి తండ్రిని చూసిందా?

అంతరిక్ష యాత్రల మీద అమెరికాలో వచ్చిన స్టార్ ట్రెక్ టీవీ కథాశ్రేణుల్లో ఏది గొప్పదని అడిగితే అభిమానులు చాలామంది 'డీప్ స్పేస్ నైన్' పేరు చెబుతారు, నేనూ కాదనను. కానీ నా మనసుకు దగ్గరైనదీ, నన్ను ఎక్కువగా బాధపెట్టినదీ మాత్రం 'వాయేజర్'. 1995 జనవరిలో మొదలై 2001 మే వరకు ఏడు సీజన్లు, 172 ఎపిసోడ్లుగా సాగిన ఆ కథలో ఒక అంతరిక్ష నౌక తన ప్రమేయమేమీ లేకుండా భూమికి 70 వేల కాంతి సంవత్సరాల దూరంలో వెళ్లి పడుతుంది. ఉన్న వేగమంతా వాడి బయలుదేరినా ఇల్లు చేరడానికి 75 ఏళ్లు పడుతుందని లెక్క తేలుతుంది. అయినా కెప్టెన్ జేన్‌వే నౌకను ఇంటి వైపే తిప్పిస్తుంది.

పాలమూరు పల్లెలో పెరిగిన వారికి ఆ మొదటి ఎపిసోడ్ అర్థం కావడానికి విజ్ఞానశాస్త్రం తెలిసి ఉండవలసిన పని లేదు. మా నాయన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పనికి ముంబయి బస్సు ఎక్కేనాటికి నాకు ఏడేళ్లు, చెల్లె ఇంకా అమ్మ కడుపులో ఉంది. డిగ్రీ రోజుల్లో మహబూబ్‌నగర్‌లోని హాస్టల్ గదిలో, మిత్రుని కంప్యూటర్ మీద వాయేజర్ చూస్తున్నప్పుడు నేను కెప్టెన్‌ను గాని, అందరూ మెచ్చుకునే సెవెన్ ఆఫ్ నైన్ అనే పాత్రను గాని కాదు, నయోమి వైల్డ్‌మన్ అనే చిన్న పిల్లను వెతుక్కునేవాణ్ని. రెండో సీజన్‌లో ఆ నౌకలోనే పుట్టిన నయోమి తండ్రి ముఖం చూడకుండానే పెరుగుతుంది. ఆమె కనిపించినప్పుడల్లా నాకు చెల్లె గుర్తుకు వచ్చేది.

ఈ శ్రేణి రచయితలకు ఎడబాటు తెలియదని నేను అనలేను. నాలుగో సీజన్‌లో ఇంటి నుంచి మొదటిసారి ఉత్తరాలు అందుతాయి; తన కోసం ఎదురుచూస్తున్నాడనుకున్న మనిషి మరొకరిని పెళ్లి చేసుకున్నాడని జేన్‌వేకు అందులోనే తెలుస్తుంది. ఏడో సీజన్‌లో భూమితో నేరుగా మాట్లాడే వీలు కలిగినప్పుడు ఒక్కొక్కరికి మూడు నిమిషాలే దొరుకుతాయి. ఆ ఎపిసోడ్‌ను నేను మధ్యలో ఆపి, కొంతసేపటి తరువాత గాని మళ్లీ చూడలేకపోయాను. మా ఊళ్లో కిరాణా దుకాణానికి నాయన ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసేవాడు. దుకాణం పిల్లవాడు పరుగెత్తుకొచ్చి చెబితే అమ్మ చేతికి అంటిన పిండి కూడా కడుక్కోకుండా వెళ్లేది, రిసీవరు మీద ఆ తెల్లని వేలిముద్రలు ఉండిపోయేవి. అటు నుంచి నాయన మీటరు తిరుగుతున్నదని మాటిమాటికీ అనడం పక్కన నిలబడ్డ నాకు కూడా వినిపించేది. మూడు నిమిషాల్లో ముఖ్యమైన మాట ఒక్కటీ నోటికి రాదని ఆ ఎపిసోడ్ రాసినవారు ఎరుగుదురు.

అంత ఎరిగినవారు నౌకను ప్రతివారం కొత్తదిగా ఎందుకు చూపించారన్నదే నా ఫిర్యాదు. మొదటి సీజన్‌లోనే శత్రువుల మీద పేల్చే టార్పిడోలు తమ దగ్గర 38 ఉన్నాయని, అవి అయిపోతే మళ్లీ దొరకవని చెబుతారు. ఆ తరువాత ఎన్ని పేల్చారో అభిమానులు లెక్కపెట్టారు, ఆ లెక్క 38 దగ్గర ఆగలేదు. 1997లో వచ్చిన 'ఇయర్ ఆఫ్ హెల్' రెండు భాగాల్లో నౌక ముక్కలు ముక్కలుగా శిథిలమవుతుంది, మనుషులు తగ్గిపోతారు, చివరికి కాలమే వెనక్కు మళ్లి అదంతా జరగనట్టే అవుతుంది. ఏ ఎపిసోడ్‌ను ఎప్పుడు చూసినా అర్థం కావాలన్న ఆనాటి టీవీ పద్ధతి ఇందుకు కారణమని నాకు తెలుసు. అయినా ఏడేళ్లు నడిచే కథకు ఉన్న బలమంతా గుర్తుపెట్టుకోవడంలోనే ఉన్నప్పుడు, ఆ బలాన్ని చేజేతులా వదులుకోవడం నాకు మింగుడుపడదు.

డీప్ స్పేస్ నైన్ రచయితల్లో ఒకరైన రోనాల్డ్ డి. మూర్ వాయేజర్‌లో కొద్దికాలమే ఉండి బయటకు వచ్చాడు. ఆయన చేతుల మీదుగా వచ్చిన మరో అంతరిక్ష టీవీ కథ 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా'లో అధ్యక్షురాలి గదిలోని బోర్డు మీద బతికి ఉన్నవారి సంఖ్య రాసి ఉంటుంది. సుమారు 50 వేల మంది మిగిలిన లోకంలో ఎవరు పోయినా ఆ అంకె తగ్గుతుంది. ఒక బిడ్డ పుట్టిందన్న కబురు అందగానే ఆమె ఆ అంకెకు ఒకటి కలుపుతుంది. వాయేజర్‌లో నేను కోరుకున్నది అటువంటి బోర్డు ఒక్కటే.

చివరి ఎపిసోడ్ 'ఎండ్‌గేమ్' సంగతి మరీ అన్యాయం. నౌక భూమి ముందు తేలుతుంది, నౌకలో అప్పుడే పుట్టిన పసిపాప ఏడుపు వినిపిస్తుంది, ఇంటి దారి పట్టమని జేన్‌వే ఆజ్ఞ ఇస్తుంది, కథ అక్కడితో ముగుస్తుంది. ఒక్కరైనా నేల మీద కాలు పెట్టడం మనం చూడము. నయోమి తండ్రి ఎదుట నిలబడిందో లేదో, నిలబడితే ఏమన్నదో చూపించలేదు. ఏడేళ్లు ఇల్లు, ఇల్లు అని నడిపించిన కథ గడప దగ్గర ఎలా ఆగిపోగలదు?

మా నాయన నాలుగేళ్ల తరువాత పీర్ల పండుగకు తిరిగి వచ్చాడు. చేతులు కడుక్కుందామని తిన్నగా వాకిట్లో వేపచెట్టు కిందికి వెళ్లాడు, వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. నీళ్ల తొట్టిని మేము రెండేళ్ల కిందటే పెరట్లోకి మార్చాము. అమ్మ లోపల ఉంది, నాకు నోరు పెగలలేదు. అంతవరకు తలుపు చాటు నుంచి తొంగిచూస్తున్న చెల్లె బయటకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా పెరటి వైపు చేయి చూపించింది.