ముందు వాపు తగ్గాలి

నాకు వచ్చిన జబ్బు పేరు తకయాసు ఆర్టరైటిస్. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే గుండె నుంచి బయలుదేరే అతి పెద్ద ధమని అయిన బృహద్ధమనిపైనా, దాని నుంచి చేతులకు, మెడకు, మూత్రపిండాలకు వెళ్లే పెద్ద ధమనులపైనా దాడి చేయడంతో వాటి గోడలు వాచి, మందమై, రక్తం వెళ్లే దారి ఇరుకైపోతుంది. ఎక్కువగా నలభై ఏళ్లలోపు స్త్రీలకు వచ్చే ఈ జబ్బుకు, 1908లో ఒక యువతి కంటి రక్తనాళాల్లోని మార్పులను వివరించిన జపాన్ కంటి వైద్యుడు మికితో తకయాసు పేరు పెట్టారు.

జడ వేసుకుంటుంటే నా ఎడమ చేయి మధ్యలోనే లాగేసేది. నీరసం, సన్నని జ్వరం చూసి రక్తహీనత అన్నారు, మెడ నరాలన్నారు. చివరికి పంజగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ డాక్టరుగారు ఎడమ మణికట్టుపై వేళ్లు ఆనించి చాలాసేపు నాడి వెతికారు. అది అందకపోయేసరికి రెండు చేతులకూ విడివిడిగా బీపీ చూశారు. కుడి చేతిలో పై అంకె 170, ఎడమ చేతిలో 90. రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ స్కాన్‌లో ఎడమ చేతి ధమనితోపాటు ఎడమ కిడ్నీ ధమని కూడా సన్నబడినట్లు తేలింది. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా ఎడమ చేతికే పట్టీ చుట్టడం వల్ల, కిడ్నీకి రక్తం చాలక పెరిగిన అసలు బీపీ ఎవరి కంటా పడలేదు. రెండు చేతులకూ బీపీ చూడడం నిమిషాల పని, దానికి ఖర్చు కూడా లేదు. ప్రతి చోటా అది చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

వెంటనే ధమనిని తెరిచి ఉంచే స్టెంట్ అనే చిన్న గొట్టం వేయకూడదా అని నాన్న అడిగారు. “వాపు ఉండగా ధమనిని వెడల్పు చేస్తే మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువండీ. ముందు వాపు తగ్గాలి,” అన్నారు డాక్టరుగారు. అందుకని వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి నెమ్మదిగా తగ్గించారు. దానికి తోడు రోగనిరోధక వ్యవస్థ దాడిని అణచే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు, వేరే రోజున ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇచ్చారు. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయమని, అది వాడుతున్నంతకాలం గర్భం రాకూడదని రెండేసిసార్లు చెప్పారు. స్టెరాయిడ్ వల్ల ముఖం ఉబ్బింది, నిద్ర పట్టేది కాదు. ఉప్పు తగ్గించాలని అమ్మ నా కంచంలో ఆవకాయ వేయడం మానేసింది.

ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ అంకెలు తగ్గినా ధమని గోడలో వాపు మిగిలి ఉండవచ్చట. అందుకే మళ్లీ స్కాన్ చేసి, జబ్బు అణిగిందని నిర్ధారించుకున్నాకే కిడ్నీ ధమనిని బెలూన్‌తో వెడల్పు చేశారు. ఆ తర్వాత బీపీ మాత్రలు తగ్గాయి. ఎడమ చేతి ధమనిని మాత్రం ముట్టుకోలేదు. పక్కనున్న చిన్న ధమనులు పెరిగి చేతికి సరిపడా రక్తాన్ని అందిస్తున్నాయని, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా చేతికి ప్రమాదం లేదని చెప్పారు.