పది రోజుల్లో తొమ్మిది దేశాలా?

తమ్ముడు పంపిన పట్టికలో పది రోజులకు తొమ్మిది దేశాలున్నాయి. మేముండే మ్యూనిక్‌లో బయలుదేరి సాల్జ్‌బర్గ్, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, జాగ్రెబ్, ప్లిట్విట్సె, మోస్తార్, దుబ్రోవ్నిక్, కోటోర్. తిరిగి వస్తూ లుబ్లియానా, వెనిస్. ఒక్కో ఊరికి ఒక్కో రంగు, రంగు కింద చూడవలసిన వాటి జాబితా. రాత్రి ఎక్కడ పడుకోవాలో మాత్రం ఎక్కడా రాయలేదు. అమ్మానాన్నలు చీరాల నుంచి మొదటిసారి వస్తున్నారు కాబట్టి యూరప్ మొత్తం ఒక్క ఊపులో చూపించేయాలని వాడి ఆరాటం.

కారు నాది, నడిపేది నేను. వాడు జర్మనీకి వచ్చి ఆరు నెలలు దాటింది కాబట్టి ఇండియా లైసెన్సు ఇక చెల్లదు. దాన్ని మార్పించుకునే పని ఏడాదిగా "వచ్చే వారం" మొదలవుతూనే ఉంది. మా ఆయనకు కారులో నిద్రపోవడం తప్ప మరో విద్య రాదు. నడిపేది ఒక్కరే అయినప్పుడు పట్టిక దిద్దే హక్కు కూడా ఆ ఒక్కరిదే అని చెప్పి పెన్సిల్ తీసుకున్నాను.

నేను ముందుగా చూసింది మ్యాపు కాదు, అమ్మ పాస్‌పోర్టులో అంటించిన వీసా. అందులో ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో చెప్పే చిన్న గడి ఒకటి ఉంటుంది. అమ్మకూ నాన్నకూ అందులో 01 అని ఉంది. అంటే షెంగెన్ ప్రాంతంలోకి ఒక్కసారి వచ్చాక అందులో ఎన్ని దేశాలైనా తిరగవచ్చు గానీ, బయట కాలు పెడితే ఆ వీసాతో మళ్లీ లోపలికి రాలేరు. మోస్తార్ ఉన్న బోస్నియా, కోటోర్ ఉన్న మాంటెనెగ్రో షెంగెన్‌లో లేవు. రెంటినీ ఒక్క గీతతో కొట్టేశాను. తమ్ముడికీ నాకూ ఇక్కడి నివాస అనుమతి కార్డులు ఉన్నాయి కాబట్టి మాకు ఇబ్బంది లేదు. అందుకే ఆ సంగతి వాడికి తట్టలేదు. కారు బీమా పత్రాన్ని కూడా ఇక్కడే చూసుకోవాలి. అందులో దేశాల సంకేతాక్షరాలు వరుసగా ఉంటాయి, కొట్టేసి ఉన్న దేశంలో ఆ బీమా పనిచేయదు. అద్దె కారైతే ఏ దేశాలకు తీసుకువెళ్లవచ్చో ఒప్పందంలో వేరే రాసి ఉంటుంది, అదీ చదవాలి.

క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది, అదే రోజు యూరోకూ మారింది. కాబట్టి అంతకు ముందు ఎవరో రాసిన ప్రయాణ కథనాలు పట్టుకుని వీసా లెక్కలు వేయకండి. దుబ్రోవ్నిక్ దగ్గర మరో మెలిక ఉంది. బోస్నియాకు ఉన్న కాస్త సముద్ర తీరం, నెయుమ్ అనే ఊరు, క్రొయేషియా తీరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. పూర్వం అదే తీరంలో ఉన్న స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్‌కు రోడ్డున వెళ్లేవాళ్లు ఆ ముక్కలోంచే వెళ్లేవారు. 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ అవసరం తీరింది. 2,404 మీటర్ల ఆ వంతెన ఎక్కితే సరిహద్దు దాటకుండానే వెళ్లిపోవచ్చు. నావిగేషన్ ఆ దారే చూపిస్తోందో, నెయుమ్ మీదుగా తిప్పుతోందో బయలుదేరే ముందే చూసుకోవాలి. 01 వీసా ఉన్నవాళ్లు కారులో ఉంటే నెయుమ్ చెక్‌పోస్టు దాకా వెళ్లి చర్చ పెట్టడం అనవసరం.

ఇంత చెప్పి చివరికి దుబ్రోవ్నిక్‌నూ తీసేశాను. స్ప్లిట్ నుంచి వెళ్లడానికే మూడు గంటలు, అక్కడి నుంచి మ్యూనిక్ వెయ్యి కిలోమీటర్ల పైన. కోట గోడల మీద రెండు గంటల నడక కోసం రెండు పగళ్లు కారులో పోతాయి. నాన్న మోకాళ్లకు ఆ మెట్లూ పడవు. దానికి విడిగా విమానంలో వెళ్లడమే పద్ధతి. తమ్ముడు అలిగాడు. అలగనీ.

వియన్నా, బుడాపెస్ట్‌లకు మ్యూనిక్ నుంచి రైళ్లున్నాయి. పెద్ద నగరంలోకి కారు తీసుకువెళ్తే పార్కింగ్ వెతుక్కోవడంతోనే సరిపోతుంది. రైలు వెళ్లే చోటికి రైలు, రైలు సరిగ్గా చేరని చోటికి కారు అన్నది నా లెక్క. కాబట్టి తూర్పు వైపు ఊళ్లన్నీ పోయాయి, వెనిస్ కూడా పోయింది. మిగిలింది నాలుగు దేశాలు: మేమున్న జర్మనీ, దాటి వెళ్లే ఆస్ట్రియా, ఉండిపోయే స్లొవేనియా, క్రొయేషియా.

ఆ తర్వాత తేదీలు. మా మొదటి మజిలీ స్లొవేనియాలోని బ్లెడ్. యాప్ మ్యూనిక్ నుంచి అక్కడికి నాలుగు గంటలని చెబుతుంది. రాత్రి రెండింటికి బయలుదేరితే నిజమే. వేసవిలో శనివారం పొద్దున అయితే ఆ మాట నమ్మకూడదు. క్రొయేషియా తీరంలో అద్దె ఇళ్లు చాలావరకు శనివారం నుంచి శనివారానికి ఇస్తారు. దక్షిణ జర్మనీలో సగం మంది అదే రోజు అదే దారిలో దిగుతారు, ఇంకో సగం అదే రోజు తిరిగి ఎక్కుతారు. ఈ రెండు గుంపులూ ఆస్ట్రియాలో టౌయెర్న్ సొరంగం దగ్గర, ఆస్ట్రియా–స్లొవేనియా సరిహద్దు కొండ కింద ఉన్న కరవాంకెన్ సొరంగం దగ్గర ఇరుక్కుంటాయి. దాదాపు ఎనిమిది కిలోమీటర్ల కరవాంకెన్‌లో వాహనాలు ఎక్కువైతే బయటే ఆపి కొద్దికొద్దిగా వదులుతారు. ఎండలో, ఇంజను ఆపి, వెనక సీట్లో షుగర్ ఉన్న మనిషిని కూర్చోబెట్టి ఆ వరుసలో ఎదురుచూడడం నాకు ఇష్టం లేదు. అందుకే బవేరియాలో పెంతెకొస్తు సెలవులు ముగిశాక, జూన్ చివరి భాగంలో, మంగళవారం బయలుదేరాలని నిర్ణయించాను. శనివారం కారు బయటికి తీయను.

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు యాప్ చెప్పే సమయానికి సగం కలుపుకోవాలి. గంటన్నరకు ఒకసారి ఆగడం తప్పదు. జర్మనీ హైవే పక్కన మరుగుదొడ్డికి చాలాచోట్ల డబ్బు కట్టాలి కాబట్టి యూరో నాణేలు విడిగా ఒక డబ్బాలో వేశాను. ఆగిన ప్రతిసారీ అమ్మ ఫ్లాస్కు తీస్తుంది, టీ అయ్యాక జంతికలు తీస్తుంది, పది నిమిషాలు అరగంట అవుతుంది. దాన్ని ఆలస్యం అనుకోకుండా ముందే పట్టికలో రాసేస్తే గొడవ ఉండదు.

టోల్ సంగతి. ఆస్ట్రియా హైవేలకు పది రోజుల విన్యెట్, అంటే ఇన్నాళ్లకని ముందే కట్టేసే టోల్, 2025లో 12.40 యూరోలు. మంగళవారం నుంచి మరుసటి గురువారం దాకా సరిగ్గా పది రోజులు, కాబట్టి పోవడానికీ రావడానికీ ఒక్కటే చాలు. నిజానికి ప్రయాణం ఎన్నాళ్లన్నది ఈ విన్యెటే తేల్చింది. స్లొవేనియాలో అదే ఏడాది వారానిది 16 యూరోలు, నెలది 32. మేము వెళ్లేటప్పుడు ఒకసారి, వారం దాటాక వచ్చేటప్పుడు మరోసారి అక్కడ ఉంటాం. రెండు వారాలవి కొన్నా, నెలది కొన్నా ఖర్చు ఒకటే కాబట్టి నెలదే హాయి. ఒక్కసారి కొంటే తేదీల బెంగ ఉండదు. లేకుండా దొరికితే అక్కడ కనీస జరిమానా 300 యూరోలు. రెండూ ఇప్పుడు కారు నంబరు మీద ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అయితే ఆస్ట్రియాకు అస్ఫినాగ్, స్లొవేనియాకు డార్స్ సంస్థల సొంత సైట్లలోనే కొనండి. వెతికితే ముందు కనిపించేవి మధ్యవర్తుల సైట్లు, అక్కడ అదనంగా వసూలు చేస్తారు. టౌయెర్న్, కరవాంకెన్ సొరంగాలకు విన్యెట్ సరిపోదు, విడిగా కట్టాలి. క్రొయేషియాలో విన్యెట్ లేదు. హైవే ఎక్కేటప్పుడు చీటీ తీసుకుని దిగేటప్పుడు దూరాన్ని బట్టి కట్టడమే. ఆ చీటీని దాచే బాధ్యత తమ్ముడికి ఇచ్చాను, వాడికీ ఏదో ఒక పని ఉండాలి కదా.

ఇక రాత్రులు. మొదటి మూడు బ్లెడ్‌లో. చెరువు చుట్టూ ఆరు కిలోమీటర్ల చదునైన బాట, అమ్మ రోజూ నడిచే దూరమే. మధ్యలో దీవి మీద చర్చికి పడవలో వెళ్లవచ్చు, దిగాక 99 మెట్లు. నాన్న పడవ దగ్గరే కూర్చుంటానంటే కూర్చోవచ్చు. రెండో రోజు బోహిన్ చెరువు, అక్కడి నీళ్లు బ్లెడ్ కన్నా నిశ్శబ్దం. మూడో రోజు కారు కదలదు. ఆ గడిని ఖాళీగా వదిలేసరికి తమ్ముడు అందులో లుబ్లియానా రాశాడు, నేను చెరిపేశాను.

శుక్రవారం బ్లెడ్ నుంచి క్రొయేషియాలోని ప్లిట్విట్సెకు, మూడు వందల కిలోమీటర్ల లోపే. రెండు దేశాలూ షెంగెనే అయినా పాస్‌పోర్టులు డిక్కీలో వేయకూడదు. స్లొవేనియా 2023 అక్టోబరు నుంచి క్రొయేషియా వైపు సరిహద్దులో తనిఖీలు మళ్లీ పెట్టింది, జర్మనీ అయితే ఆస్ట్రియా సరిహద్దులో 2015 నుంచీ ఆపుతూనే ఉంది. అయిదుగురి పాస్‌పోర్టులూ, మా ముగ్గురి కార్డులూ ముందు సీటు అరలో ఒకే సంచిలో ఉంటాయి.

ప్లిట్విట్సెలో రెండు రాత్రులు ఎందుకంటే, చూసే రోజునే ప్రయాణం పెట్టుకుంటే ఆ చోటు దక్కదు. మెట్లు మెట్లుగా 16 చెరువులు, ఒకదాని నీళ్లు మరొకదాంట్లోకి దూకుతుంటాయి, మధ్యలో చెక్క బాటలు. టిక్కెట్టు మీద ప్రవేశించే గంట ఉంటుంది, 2025 వేసవిలో పెద్దవారికి నలభై యూరోల దాకా. ముందే కొనాలి, వీలైతే ఎనిమిది గంటలది. పది దాటితే ఆ చెక్క బాట మీద తిరుమల క్యూలో ఉన్నట్టే ఉంటుంది. టిక్కెట్టులోనే పడవ, లోపల తిప్పే బండి కూడా కలిసి ఉంటాయి. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు రెండో ద్వారం నుంచి మొదలుపెట్టి వాటిని వాడుకోవాలి. నీళ్లు ఎంత ఊరించినా ఈతకు అనుమతి లేదు.

శనివారం మధ్యాహ్నం ఒక ముఖ్యమైన పని ఉంది: పాలు, పెరుగు, కూరగాయలు కొనడం. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం దుకాణాలు మూసేస్తారని అందరికీ తెలుసు. స్లొవేనియాలో 2020 నుంచి అదే చట్టం. క్రొయేషియాలో 2023 జూలై నుంచి ఒక దుకాణం ఏడాదికి 16 ఆదివారాలు మాత్రమే తెరవవచ్చు. ఈ నాలుగు దేశాల్లో ఎక్కడున్నా ఆదివారం పెరుగు లేదంటే ఇంట్లో పూట గడవదు. బస కోసం హోటళ్లు కాకుండా వంటగది ఉన్న ఇళ్లే తీసుకున్నది కూడా ఇందుకే. కుక్కరు, ఆవకాయ సీసా, అయిదు కిలోల బియ్యం డిక్కీలోకి వెళ్తాయి.

ఆదివారం క్రొయేషియా తీరంలోని జదర్‌కు దారి చిన్నదే. ప్లిట్విట్సె వైపు చల్లగా, పచ్చగా ఉంటుంది. వెలెబిట్ కొండల కింద అయిదున్నర కిలోమీటర్ల పైన ఉన్న స్వేతి రోక్ సొరంగంలో దూరి బయటపడితే రాళ్లు, ఎండ, కింద సముద్రం. కారులో ఉష్ణోగ్రత చూపే అంకె ఆ కొన్ని నిమిషాల్లోనే ఎగబాకుతుంది. నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టి ఆ అంకెనే చూడమంటాను, ఇలాంటివి ఆయనకు కోటల కన్నా ఇష్టం.

జదర్‌లో మూడు రాత్రులు. చీరాల వాళ్లకు సముద్రం కొత్త కాదు, ఇసుక లేని సముద్రమే కొత్త. తీరమంతా గులకరాళ్లు, నీళ్లలో దిగడానికి రబ్బరు చెప్పులు కావాలి. ఇసుకే కావాలంటే దగ్గరలో నిన్ అనే ఊరుంది. సాయంత్రాలు గట్టు మీద అలల తాకిడికి మోగే సముద్రపు ఆర్గాన్ దగ్గర. 2005లో కట్టిన ఆ మెట్ల కింద గొట్టాలున్నాయి, అలను బట్టి స్వరం మారుతుంది. టిక్కెట్టు లేదు, నడక లేదు, కూర్చుంటే చాలు. పెద్దవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు ఈ దారిలో నాకు కనిపించలేదు.

బుధవారం పొద్దున్నే లేచి రియెకా మీదుగా మళ్లీ స్లొవేనియాకు, గుహ ఉన్న పొస్టోయ్నాకు. రూపా దగ్గర సరిహద్దు దాటాక హైవే ఉండదు, ఊళ్ల మధ్య నుంచి మామూలు రోడ్డు. మ్యాపులో చిన్నగా కనిపించే ఆ ముక్క చాలా సమయం తింటుంది. మధ్యాహ్నం మూడింటికి గుహ టిక్కెట్లు. లోపలికి చిన్న రైలులో తీసుకువెళ్తారు, ఆ తర్వాత ఒకటిన్నర కిలోమీటరు నడక. ఏడాది పొడవునా లోపల పది డిగ్రీలే కాబట్టి జూన్‌లో అయినా స్వెట్టర్లు, నాన్నకు మఫ్లరు ఉండాలి. అవి సంచి అడుగున పెట్టవద్దని అమ్మకు ఇప్పటికే చెప్పాను.

ఆ రాత్రి పొస్టోయ్నాలోనే. గురువారం ఇంటికి నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైన, ఈ మొత్తంలో కష్టమైన రోజు ఇదొక్కటే. ఆ రోజు చూడవలసినది ఏదీ పెట్టలేదు. తమ్ముడు సాల్జ్‌బర్గ్‌లో ఆగుదామన్నాడు. మ్యూనిక్ నుంచి రైల్లో రెండు గంటల లోపు దూరం, అమ్మానాన్నలు ఆగస్టు దాకా ఇక్కడే ఉంటారు, ఏదో ఒక ఆదివారం వాడే తీసుకువెళ్లవచ్చు. ఇళ్లన్నీ ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకున్నాను. గడువు తేదీలు ఫ్రిజ్ మీద అంటించాను. ప్లిట్విట్సె టిక్కెట్ల డబ్బు మాత్రం తమ్ముడు ఇంకా పంపలేదు.