కుర్చీ రెండడుగులు వెనక్కి

సెలవుల్లో ప్రొద్దుటూరు వచ్చిన ప్రతిసారీ మా అత్త అడిగేది ఒకటే. "బీఈడీ చదివి ఆడ ఆయా పని చేస్తాండావంటనే?"

దుబాయ్‌లో నా ఉద్యోగం పేరు లెర్నింగ్ సపోర్ట్ అసిస్టెంట్, బళ్లో ఎల్.ఎస్.ఏ. అంటారు. ఆటిజం ఉన్న ఏడేళ్ల బాబుకు మామూలు క్లాసులోనే రోజంతా తోడుండాలి. ముక్కు తుడవడం, బూటు లేసులు కట్టడం కూడా ఉంటాయి కాబట్టి అత్తది పూర్తిగా తప్పనలేను.

మొదట్లో టీచరు "మ్యాథ్స్ బుక్ తీయండి" అనగానే నేనే తీసిపెట్టేదాన్ని. లెక్క దగ్గర ఆగితే వేలు పెట్టి చూపించేదాన్ని. పుస్తకం నిండా రైట్ మార్కులే! మూడు నెలలకు వాడు టీచరు వైపు చూడటం మానేశాడు. ఆవిడ కూడా వాడికి చెప్పాల్సింది నాకే చెప్పేది. ఒకరోజు నాకు జ్వరమొచ్చి వెళ్లకపోతే వాడు పెన్సిల్ ముట్టుకోలేదట.

తర్వాత ట్రైనింగ్‌లో విన్నాను. ఇంగ్లండ్‌లో 2009లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, అసిస్టెంట్ల సాయం ఎక్కువ అందిన పిల్లలు, అలాంటి మిగతా పిల్లలకంటే చదువులో వెనకబడ్డారు. మేం పక్కనుంటే టీచరు దూరమవుతారు, పైగా ఆలోచించేలోపే జవాబు అందించేస్తాం. నా సంగతే చెప్తున్నట్టు అనిపించింది.

అప్పటినుంచి కుర్చీ రెండడుగులు వెనక్కి జరిపాను. వాడి బల్లమీద మూడు బొమ్మల కార్డులు: పుస్తకం, పెన్సిల్, ఎత్తిన చెయ్యి. వాడు ఆగితే మనసులో పది లెక్కపెడతాను. ఆ పదీ అయ్యేదాకా నోరు మూసుకోవడమే ఈ ఉద్యోగంలో కష్టమైన పని. ఒకరోజు ఎనిమిది దగ్గర వాడు మూడో కార్డు తాకి, టీచరును చూస్తూ చెయ్యెత్తాడు.

వాళ్లమ్మకు మాత్రం టెన్షన్. "మీరు దూరంగా కూర్చుంటున్నారటగా?" అంది. అడగదా మరి, నా జీతం కట్టేది ఆమే. అక్కడ చాలా ప్రైవేటు బళ్లలో స్కూలు ఫీజు కాక ఈ ఖర్చూ తల్లిదండ్రులదే. 2017 నుంచి దుబాయ్‌లో వికలాంగులను అధికారికంగా 'పీపుల్ ఆఫ్ డిటర్మినేషన్' అంటున్నారు. పిలుపు గౌరవంగానే ఉంది, బిల్లే ఇంటికొస్తుంది.

ఇక్కడ మా ఆడపడుచు కొడుక్కీ మాటలు తక్కువ. చదివేది సర్కారు బడి. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం అందులో ఉంది. ఇలాంటి పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రం ఉంది, వాళ్లకు నేర్పే ఐఈఆర్పీ టీచరూ ఉన్నారు. కానీ ఆ ఒక్కరూ ఎన్ని బళ్లు తిరగాలి? క్లాసులో వాడికి పేజీ తిప్పిచ్చేది పక్కన కూర్చునే స్నేహితుడే. నా పనే, జీతం లేకుండా.

మొన్న పొద్దున అత్త వాడికి ఉగ్గాని ముద్దలు చేసి తినిపిస్తోంది. ప్లేటు తీసుకుని వాడి ముందు పెట్టి, కాస్త వెనక్కి జరిగాను.

"ఊరికే చూస్తా కూచున్నావేందే, నోట్లో పెట్టగూడదా?"

ఏడు దాకా లెక్కపెట్టాను. వాడు గుప్పెడు తీసుకున్నాడు. సగం నోట్లోకి పోయింది. మిగతా బొరుగులు చాప నిండా పడ్డాయి.

అత్త చీపురు తెచ్చి నా చేతికిచ్చింది.