గోదారి గట్టు మీద ఒట్టి కాళ్ళతో

ఇవాళ పొద్దున్న బొబ్బర్లంక దగ్గర చెప్పుల్లేకుండా నాలుగు కిలోమీటర్లు పరిగెత్తాను. మూడు నెలల కిందట రెండొందల అడుగులతో మొదలుపెట్టాను. తొందరపడితే పిక్కలు పట్టేస్తాయి, ఇందులో ఓపికే ముఖ్యం.

కొబ్బరితోటల మధ్య పుంత దారి మంచుకి తడిసి చల్లగా ఉంది. బూట్లుంటే మడమ ముందు ధన్‌మని పడుతుంది. ఒట్టి కాళ్ళతో అలా పడితే నొప్పి, అందుకే పాదం తనంతట తానే ముందు భాగం మీద మెత్తగా వాలుతుంది. అడుగులు చిన్నవైపోతాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా మారథాన్ మొత్తం ఇలాగే పరిగెత్తి స్వర్ణం గెలిచాడంటే, ఆ రాళ్ళ రోడ్లు తలుచుకుని ఒళ్ళు జలదరిస్తుంది!

గట్టెక్కే చోట గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఆపారు.

"ఏం బాబూ, చెప్పులు తెగిపోయాయా?"

"లేదండీ, కావాలనే."

"మేం బడికి ఇలాగే వెళ్ళేవాళ్ళం. ఎదర పల్లేరుకాయలున్నాయి, చూసుకెళ్ళండి."

చూసుకున్నా ఒకటి గుచ్చుకుంది. గట్టు మీద కూర్చుని తీసుకుంటే చిన్న రక్తపు చుక్క. దిగి రేవులో కాళ్ళు పెట్టాను. ఒండ్రు వేళ్ళ సందుల్లోంచి వెన్నలా పైకొచ్చింది. అవతల లంక మీద సూర్యుడు లేస్తున్నాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. చిన్నప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని కార్తీక స్నానానికి దిగినప్పుడు కూడా కాళ్ళ కింద ఇదే మెత్తదనం.

రేపు మళ్ళీ వెళ్తున్నాను.