అనుభవం గడిలో ‘లేదు’ అని రాయకండి: ఆకాశవాణి అనౌన్సర్ పరీక్షకు నా ప్రిపరేషన్

దరఖాస్తులో ‘ప్రసార రంగంలో అనుభవం’ అనే గడి ఉంటే మొదటిసారి ‘లేదు’ అని రాసి పంపాను. మాది నెల్లూరు జిల్లా, కోవూరు దగ్గర పల్లె. నాయన వరి రైతు. ఇంట్లో రేడియో మోగుతుంది కానీ రేడియో స్టేషన్ గడప తొక్కినవాళ్లు మా చుట్టాల్లో కూడా ఎవరూ లేరు. ఆ ఏడు రాత పరీక్ష గట్టెక్కి వాయిస్ టెస్టులో పోయింది. రెండోసారి అదే గడిలో నాలుగు లైన్లు రాశాను, సెలెక్ట్ అయ్యాను. మధ్యలో నా గొంతేమీ మారలేదు. మారిందేమిటో చెబితే మీలో ఒకరిద్దరికైనా ఒక ఏడాది కలిసొస్తుందని రాస్తున్నా.

ముందు ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. క్యాజువల్ అనౌన్సర్ అంటే పర్మనెంట్ పోస్టు కాదు. ప్యానెల్లో పేరు ఉంటుంది, డ్యూటీ చేసిన రోజుకే డబ్బులు, నెలకు 6 డ్యూటీలకు మించి వేయరు. దీనిమీదే ఇల్లు నడవదు. నేను ట్యూషన్లు చెప్పుకుంటూ చేస్తున్నా. ఈ మాట ఇంట్లో ముందే చెప్పేయండి, తర్వాత గొడవ ఉండదు. కానీ ఏ అనుభవమూ లేనివాళ్లను లోపలికి రానిచ్చి, మైకు ముందు కూర్చోబెట్టి పని నేర్పే చోటు ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానెళ్ల వేలానికి ఒప్పుకుంది. మన పక్కనున్న ఒంగోలు కూడా అందులో ఉంది. రేపు అవి వచ్చినప్పుడు ‘ఎక్కడైనా చేశారా?’ అని అడిగితే చెప్పడానికి మన దగ్గర ఒకటి ఉండాలి కదా.

రాత పరీక్ష గురించి ఎక్కువ భయపడొద్దు. రోజూ పేపర్ చదివే అలవాటుంటే సగం అయిపోయినట్టే. ఆకాశవాణి చరిత్ర మాత్రం వదలొద్దు. 1927 జులై 23న బొంబాయి కేంద్రం మొదలైంది, 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది, 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం, 1957 అక్టోబర్ 3న వివిధభారతి, 1997 నవంబర్ 23న ప్రసార భారతి. ‘బహుజన హితాయ బహుజన సుఖాయ’ అన్న నినాదం, 1947 నవంబర్ 12న గాంధీజీ ఢిల్లీ స్టూడియో నుంచి మాట్లాడిన సందర్భం కూడా తెలిసుండాలి. మన జిల్లా సంగతులు మనకు రాకపోతే బాగుండదు. తిక్కన భారతంలో ఎన్ని పర్వాలు రాశాడంటే టక్కున 15 అని రావాలి. పొట్టి శ్రీరాములు 58 రోజులు దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న కన్నుమూశారని తడుముకోకుండా చెప్పగలగాలి. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం, ఒక కార్యక్రమానికి ప్రకటన రాయడం, ఈ రెండూ రోజుకొకటి చొప్పున చేశాను. రాత పరీక్ష వరకు అంతే.

అసలు కష్టం వాయిస్ టెస్టు. మొదటిసారి లోపలికి వెళ్లగానే గాజు అద్దం, అవతల నలుగురు, ముందు మైకు. పొద్దున 6.45 ప్రాంతీయ వార్తలు విని విని ఆ చదివే తీరంతా వంటబట్టించుకున్నాను. అట్నే గంభీరంగా, ఎక్కడా ఆగకుండా చదివేశా. అద్దం అవతల నుంచి ఒక పెద్దాయన అడిగారు: “బాగానే చదివావమ్మా. ఎవరికి చదివావు?”

నా దగ్గర సమాధానం లేదు. బస్సులో కోవూరు వచ్చేదాకా ఆ ప్రశ్న గురించే ఆలోచన.

ఆ మర్నాటి నుంచి చేసిన పని ఇది. మా అవ్వకు చదువు రాదు. రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద ఆమెను కూర్చోబెట్టి పేపర్లో ఒక వార్త చదివేదాన్ని. చదివాక కాగితం పక్కన పెట్టి, “ఇప్పుడు నువ్వు చెప్పవ్వా, ఏమంట?” అని అడిగేదాన్ని. ఆమె తిరిగి చెప్పగలిగితే ఆ వార్త సరిగా చదివినట్టు. చెప్పలేకపోతే తప్పు నాది, అవ్వది కాదు. మొదటి వారం పదింటిలో ఏడెనిమిది ఆమెకు చేరలేదు. ఎందుకు చేరలేదో వెతుక్కున్నా. వాక్యం పొడుగైంది, లేదంటే అంకె గబుక్కున అనేశాను, లేదంటే అసలు సంగతి చివర్లో వచ్చింది. చెవితో వినేవాళ్లకు వెనక్కి తిప్పి చూసుకునే వీలుండదు.

ఒకరోజు ధాన్యం మద్దతు ధర చదివా. 2024-25లో ఏ గ్రేడ్ రకం క్వింటాలుకు 2,320 రూపాయలు. అవ్వ అంతా విని, “అదంతా సరేగానీ, పుట్టికి ఎంతంట?” అంది. మన నెల్లూరులో ధాన్యం లెక్క పుట్టిలోనే కదా, పుట్టి అంటే 850 కిలోలు. కాగితం మీద లెక్కేస్తే 19,720 వచ్చింది. అది చెప్పాకే అవ్వ మొహంలో వార్త విన్న కళ వచ్చింది. రెండోసారి పరీక్షలో రైతుల కార్యక్రమానికి ప్రకటన రాయమంటే క్వింటాలు ధర చెప్పి, వెంటనే పుట్టి లెక్క కూడా చెప్పాను. ఒక్క పుట్టి లెక్కే చెబితే పక్క జిల్లా రైతుకు అర్థం కాదు, ఒక్క క్వింటాలే చెబితే మా అవ్వకు అర్థం కాదు. మీ ఊళ్లో బస్తా లెక్క అయితే బస్తా చెప్పండి.

ఉచ్చారణకు రోజూ అరగంట. మనలో చాలామందికి ధాన్యం ‘దాన్యం’ అయిపోతుంది, విద్యార్థి ‘విద్యార్ది’, శాఖ ‘సాక’. మాటల్లో ఎవరూ పట్టించుకోరు, మైకు పట్టిస్తుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని ఖ, థ, ధ, భ పలికితే చేతికి గాలి తగలాలి. తగలకపోతే ఒత్తు పోయినట్టే. బీరువా తలుపులు తెరిచి, వేలాడే చీరల వైపు మొహం పెట్టి ఫోన్లో రికార్డు చేసుకున్నా. గోడలకు కొట్టుకుని వచ్చే గుంయ్ శబ్దం ఉండదు, మన గొంతు మనకు సరిగా వినిపిస్తుంది. వినడం చాలా ఇబ్బందిగా ఉంటుంది, అయినా వినాల్సిందే. అంకెలన్నీ అక్షరాల్లో రాసుకోండి, ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. టెస్టులో కాగితాలు పిన్ను తీసి విడివిడిగా పెట్టుకోండి. చదువుతూ పేజీ తిప్పితే ఆ గరగర మీ గొంతు కన్నా గట్టిగా వినిపిస్తుంది. మైకుకు జానెడు దూరంలో, నోరు కాస్త పక్కకు పెట్టి చదివితే ‘ప’, ‘భ’ పేలవు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వేరే కేంద్రాల అనౌన్సర్లనూ వినండి. అనుకరించొద్దు. పాటకూ పాటకూ మధ్య వాళ్లు ఎంత తక్కువ మాట్లాడుతున్నారో గమనించండి చాలు.

ఇక ఆ గడి సంగతి. డిగ్రీలో ఉన్నప్పుడు నెల్లూరులో బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో వాలంటీరుగా రెండు రోజులు మైకు పట్టుకున్నాను. స్వర్ణాల చెరువు గట్టంతా జనం. తప్పిపోయిన పిల్లల చీటీలు వచ్చేవి, చదవడం నా పని. దాన్ని అనుభవం కింద రాయొచ్చని నాకు తట్టనే లేదు. రెండోసారి రాశాను. స్కూల్లో ప్రేయర్‌కు వార్తలు చదివింది, ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో మైకులో చెప్పింది కూడా రాశాను. మీరూ రాయండి. చేయనిది మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.

నన్నూ అదే అడిగారు. “రొట్టెల పండుగ అని రాశారు. ఇప్పుడు ఒక బాబు తప్పిపోయాడు, చెప్పండి.”

పండుగలో మైకు పట్టుకున్న మొదటి రోజు సాయంత్రం గుర్తొచ్చింది. చీటీలో ఉన్నట్టే పేరు, వయసు, ఊరు గడగడా చదివితే అరగంటైనా ఎవరూ రాలేదు. పక్కనున్న పెద్దావిడ చెప్పింది, “ఆ తల్లి ఏడుస్తా వెతుకుతుంటది, నీ మొదటి మాట ఆమె చెవిన పడదు పాపా. బిడ్డ బాగుండాడని చెప్పు ముందు.” మళ్లీ మైకు అందుకుని ఆమె చెప్పినట్టే చెప్పాను. ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాను:

“అమ్మా, పసుపు చొక్కా వేసుకున్న బాబు మా దగ్గర ఉన్నాడు. ఏడవడం లేదు, బిస్కెట్ తింటున్నాడు. కంగారు పడకుండా దర్గా గేటు పక్కన మైకు దగ్గరికి రండి. పసుపు చొక్కా బాబు. దర్గా గేటు పక్కన, మైకు దగ్గర.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక మేడమ్ అడిగారు, “వచ్చిందా వాళ్లమ్మ?”

“వచ్చింది మేడమ్. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకుంటా వచ్చింది.”