నీటి అంచు చూసి గాలం వెయ్యాలి

అనంతపురం వైపు కొత్తగా గాలం పట్టినవాళ్లు ముందు అడిగేది ఎర గురించే. ఎర సంగతి తర్వాత. డ్యామ్‌లో నీళ్లు ఎక్కుతున్నాయా, దిగుతున్నాయా? అది తెలియకుండా ఎంత మంచి ఎర పెట్టినా సాయంత్రానికి సంచి ఖాళీగానే ఉంటుంది.

ఊరి చెరువుకు గట్టు ఉన్నచోటే ఉంటుంది. పీఏబీఆర్ (పెన్నా అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్), జీడిపల్లి, గండికోట, శ్రీశైలం వెనుక జలాల్లో అలా కాదు, ఒడ్డే జరుగుతూ ఉంటుంది. సంక్రాంతికి కూర్చున్న చోటు ఉగాదికి నెర్రెలిచ్చిన రేగడి. పైగా మన దగ్గర వాన పడినందుకు ఈ డ్యామ్‌లు నిండవు. పీఏబీఆర్‌కు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు, జీడిపల్లికి హంద్రీ-నీవా కాలువ మీదుగా శ్రీశైలం నీళ్లు రావాలి. ఊళ్లో చినుకు లేని రోజున కూడా అక్కడ మట్టం పెరుగుతుంటుంది. అందుకే పేపర్లో వేసే నీటిమట్టాలు నాలుగైదు రోజులు వరసగా చూసుకుని బయల్దేరాలి. శ్రీశైలం నిండుమట్టం 885 అడుగులు. అక్కడికి ఎంత దగ్గర్లో ఉందన్న దానికంటే నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా వచ్చిందన్నదే మనకు పనికొచ్చే లెక్క.

కొత్త నీళ్లు వచ్చే పునర్వసు, పుష్యమి కార్తెల్లో రోహు, బొచ్చె, ఎర్రమోసు వరదకు ఎదురెక్కి గుడ్లు పెడతాయి. బాగా ఎదిగిన ఆడ రోహు కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. ఆ రోజుల్లో గాలం ఇంట్లో ఉండటమే న్యాయం. వేట నిషేధం తేదీలు మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. డ్యామ్‌లో చేపల హక్కు ఉన్న సొసైటీవాళ్లను అడగకుండా ఎప్పుడూ కూర్చోకండి. నల్లమల అడవి వైపు ఒడ్డు జోలికి అసలు పోవద్దు. శ్రీశైలం నీళ్లలో మొసళ్లు కూడా ఉన్నాయి, మోకాలి లోతులో నిలబడి చేప కడగడం మానుకోండి.

మఖ నుంచి హస్త దాకా అసలైన కాలం. నీళ్లు తుమ్మపొదల్లోకి, పాత చేలగట్ల మీదికి ఎక్కుతాయి. మట్టిలోంచి వానపాములు, పురుగులు పైకి వస్తాయి, చేప వాటికోసం మోకాలి లోతుకే వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బలం కొద్దీ యాభై గజాలు విసిరితే గాలం చేపను దాటి పోయినట్టే. పది గజాల్లోపు, మునిగిన పొద అంచున వెయ్యండి. నీళ్లు ఎర్రగా ఉన్నప్పుడు కంటికి కనబడే ఎర కంటే వాసన, కదలిక ఉన్నది మేలు, అంటే వానపామే.

గాలి సంగతి కూడా చెప్పాలి. ఆషాఢంలో మొదలైన పడమటి గాలి చాలారోజులు వదలదు. నీటి మీది మేతను అది తూర్పు ఒడ్డుకు నెడుతుంది, అలలు అంచును బురద చేస్తాయి, చేప అక్కడికి చేరుతుంది. గాలికి ఎదురు కూర్చోవడం కష్టమే, కానీ చేప అటే ఉంటుంది. మామూలుగా దారానికి 30 గ్రాముల సీసం బరువు చాలు, ఆ గాలికి 50 నుంచి 60 కావాలి.

రీల్‌కు 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం, గాలానికి కట్టే చివరి మూర మాత్రం 0.28 వాడండి. అడుగున తుమ్మమొద్దులు ఎక్కువ. చిక్కుకుంటే ఆ మూర ఒక్కటే తెగుతుంది, మిగతా దారం దక్కుతుంది. ముడి బిగించేముందు ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే బలం పోగొట్టుకుంటుంది, పెద్ద చేప పడిన రోజు అక్కడే తెగుతుంది. రోహుకు 6 నంబర్ గాలం, వాలుగకు 2.

మన సీమలో శెనక్కాయ చెక్కకు కొదవ లేదు, చేపను రప్పించడానికి గాలం దగ్గర నీళ్లలో వేసే మేతకు అంతకంటే మంచిది లేదు. కిలో చెక్క దంచిన పొడి, అరకిలో వేయించిన తవుడు, పిడికెడు మైదా. నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించి నారింజకాయంత ఉండలు చెయ్యాలి. ఒకటి బకెట్ నీళ్లలో వేసి చూడండి. చెదరకుండా అడుగుకు చేరి, అయిదు నిమిషాల్లో విచ్చుకోవాలి. పైనే విడిపోతే పరిగెల్లాంటి చిన్నచేపలు మూగుతాయి, పావుగంటైనా విడిపోకపోతే మైదా ఎక్కువైనట్టు. బూజు వాసన వచ్చే చెక్క పారెయ్యండి. మొదట నాలుగు ఉండలు, తర్వాత అరగంటకు ఒకటి. అంతకుమించి వేస్తే చేప మేతతోనే కడుపు నింపుకుని గాలం వైపు చూడదు.

దారానికి కట్టి నీటి మీద తేలనిచ్చే బెండును చదవడం ఓపిక పని. బెండు వణుకుతూ పక్కకు జరిగి ఆగితే అది జిలేబి చేప. రోహు రెండుసార్లు చిన్నగా తట్టి, తర్వాత ఏటవాలుగా నిదానంగా లోపలికి తీసుకుపోతుంది. ఆ తట్టినప్పుడే లాగితే ఎర ఒక్కటే ఊడుతుంది, బెండు పూర్తిగా మునిగాక లాగాలి. బొచ్చె పైపొరల్లో మేస్తుంది కాబట్టి దానికి ఎర పైనీళ్లలోనే వేలాడాలి. ఎర్రమోసుకు నేలమీదే ఉండాలి.

చలికాలంలో పొద్దున్నే పోయి వణకడం దండగ. పది దాటాక, ఎండ తగిలే రాతి ఒడ్డున, చిన్న ఎరతో కూర్చుంటే చాలు.

వేసవిలో నీళ్లు దిగేకొద్దీ చేప అంచు వదిలి పాత ఏటి లోతుకు జరుగుతుంది. మట్టం నాలుగు రోజులు ఆగితే మళ్లీ మేతకు వస్తుంది. పచ్చబడిన నీళ్లలో తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా తక్కువ, ఎందుకంటే రాత్రంతా పాచి కూడా దాన్నే పీల్చుకుంటుంది. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడక. సాయంత్రం గాలి లేచాక వెయ్యండి. దిగిన నీటి అంచున పైన ఎండిన పెచ్చు, కింద తొడ లోతు బురద ఉంటుంది. కర్రతో పొడిచి చూడకుండా అడుగు వెయ్యొద్దు.

ఇంగిలాయి చేప పడితే చేత్తో పట్టుకోకండి, పక్కముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ఉంచి, వాపు పెరిగితే ఆసుపత్రికి పొండి.

చెరువుల్లో, కాలువ పక్క మడుగుల్లో ఒకచోట నీళ్లు ఎర్రగా మరుగుతున్నట్టు కనబడితే అది కొర్రమీను పిల్లల గుంపు. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ ఏది వేసినా కరుస్తాయి, పిల్లల జోలికి ఎవరో వచ్చారని. ఆ చేపను తీస్తే పిల్లలన్నీ జిలేబి చేపల పాలు. గాలం చుట్టుకుని ఇంకో మడుగుకు పోవాలి.